ఏడో గింజ

నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్. పదీ రెండుకి ఒకసారి, పదీ అయిదుకి ఒకసారి, ఇప్పుడు పదీ తొమ్మిదికి మూడోసారి అదే మాట, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో. మనిషైతే మూడోసారికి కనీసం గొంతు మార్చి కసురుకునేవాడు, దీనికి ఆపాటి ఇంగితం కూడా లేదు అనుకుంది మునీశ్వరి. పొద్దున్నే వంట ముగించి, కూతురు మేఘనను కాలేజీకి తోలి, మొగుడు మురళినీ అత్త రాజేశ్వరమ్మనూ ఏడింటి బస్సుకు పుంగనూరు పంపించి, మదనపల్లెలోని ఈ మూడు గదుల ఇల్లు మొత్తాన్నీ ఒక్క గంట తన పేరిట రాయించుకుంది. పదిహేడేళ్ల కాపురంలో ఏ ఇల్లూ ఇంత నిశ్శబ్దంగా ఉండగా ఆమె చూడలేదు. తీరా చూసిన రోజున ఈ పెట్టె మూగనోము పట్టింది. పదకొండింటికి పరీక్ష. కుప్పంలో ఒక కాలేజీ, అందులో లినక్స్ ల్యాబుకు ఒక ఇన్‌స్ట్రక్టర్ కావాలి, వారానికి నాలుగు రోజులు పని, ఉండడానికి ఆడపిల్లల హాస్టల్లో ఒక గది. ఆ ఒక్క కుర్చీకి ముగ్గురు పోటీ. పదకొండు కొట్టేలోగా ఎవరి మిషన్ వాళ్లు సిద్ధం చేసుకుని, దాని లోపలి నుంచి కాలేజీ సర్వర్‌కు హాజరు చెప్పుకోవాలి. చెప్పుకోనివాళ్లు రానట్టే లెక్క. మిషన్ అంటే ఎదురుగా ఉన్న లాప్‌టాప్ కాదు, అదే వచ్చిన చిక్కు. మేఘన లాప్‌టాప్‌లో విండోస్ ఉంది, ఆ విండోస్ కడుపులో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, ఆ సాఫ్ట్‌వేర్ కడుపులో, విండోస్‌కు బదులు లినక్స్ నడిచే ఇంకో కంప్యూటర్ ఉంది. చేత్తో పట్టుకుందామంటే దొరకదు, తెర మీద ఒక కిటికీలో మాత్రం నిజం కంప్యూటర్ లాగానే లేస్తుంది, పడుకుంటుంది, అలుగుతుంది. బయటిదాన్ని హోస్ట్ అంటారు, లోపలిదాన్ని గెస్ట్. ఆ పేరు పెట్టినవాడి ఇంటికి చుట్టాలు వచ్చినట్టు లేరు. చెప్పులు విప్పకముందే వైఫై పాస్‌వర్డ్ అడగని చుట్టం ఈ కాలంలో ఎక్కడుంది?

బయటి లాప్‌టాప్‌కు నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, ఒళ్లు మండేది అక్కడే. బంధువుల గ్రూపులో శుభోదయాలు పదకొండు వచ్చాయి, నిన్నెప్పుడో ఒకసారి చూసిన గ్రైండర్ ఈరోజు ప్రతి పేజీలోనూ పక్కన నిలబడి కొనమని బతిమాలుతోంది, వాతావరణం వాళ్లు సాయంత్రం మళ్లీ ఉరుములన్నారు. ఆ గడప దాటి ఒక్క చుక్క లోపలికి పోదు. వాకిట్లో కొళాయి ధారగా పడుతుంటే వంటింట్లో కొళాయి బుస్సుమన్నట్టు. నిన్న మధ్యాహ్నం దాకా బాగుంది కదా, నిన్న తను ఈ కిటికీలో నుంచే సర్వర్‌ను నాలుగుసార్లు పలకరించి, నాలుగుసార్లూ జవాబందుకుని, గర్వంగా కాఫీ పెట్టుకుంది కదా. ఇప్పుడేమొచ్చింది? సెట్టింగుల్లోకి పోయింది. నెట్‌వర్క్ అన్న చోట నాట్ అని ఉంది, దాన్ని బ్రిడ్జ్‌డ్ అని మార్చింది. నాట్ అంటే లోపలిది ఇంటాయన పేరు చెప్పుకుని బయట తిరగడం, బ్రిడ్జ్‌డ్ అంటే తన పేరుతో తనే తిరగడం, ఇది ఆమె పాఠాల్లో రాసుకున్నది కాదు, తనకు తాను అర్థం చెప్పుకున్నది, చెప్పుకున్నప్పుడు కొంచెం నవ్వుకుంది కూడా. మిషన్ ఆపి మళ్లీ లేపింది. అది లేవడానికి రెండు నిమిషాలు తీసుకుంటుంది, ఆదివారం మురళి లాగా. లేచింది. నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్. ఎవరి పేరు చెప్పుకున్నా బయటికి పోయే యోగం లేదన్నమాట. పదీ పదహారు.

లాప్‌టాప్ పక్కన, కిటికీ గట్టు మీద, ఒక చింతగింజ ఉంది. ఒక్కటే. నున్నగా, నల్లగా, వేలితో కదిపితే కదిలి, మళ్లీ తన చోటికే దొర్లి వచ్చేట్టుగా. పొద్దున్నించీ కంట్లో పడుతూనే ఉంది. అది అత్త వ్యవహారం, అయినా ఇప్పుడు దాని సంగతెందుకు, గోటితో దాన్ని గట్టు చివరికి తోసి తెర వైపు తిరిగింది. గంగాధర్‌కు ఫోన్ చేస్తే? ఛ. పరీక్ష పెట్టేవాడికి ఫోన్ చేసి నాకు పరీక్ష రాయడం రావట్లేదని చెప్పుకోవడమా. ల్యాబ్ ఇన్‌చార్జి గంగాధర్ ఆమె కంటే పదేళ్లు చిన్న. పోయిన నెల కుప్పం పోయినప్పుడు ఆమె కాగితాలు తిరగేసి, డిగ్రీకీ ఈ ఏడాది చేసిన ఆన్‌లైన్ కోర్సుకూ నడుమ ఉన్న ఖాళీ మీద పెన్ను ఆనించాడు, పంటి సందు చూపించినట్టు. "పదిహేడేండ్ల గ్యాప్ ఉండాదే మేడం" అన్నాడు. "గ్యాప్ ఏమీ లేదు సార్. పూటకు పూట నిండుగానే ఉండింది" అంది తను. అతను నవ్వాడు, ఆ తర్వాత నవ్వొచ్చో నవ్వకూడదో అని పక్కనున్నాయన మొహం చూశాడు. ఆ పదిహేడేళ్లలో మొదటి తొమ్మిదీ పుంగనూరులో, మామ పైపుల కొట్టు వెనక ఇంట్లో, మిగతావి ఇక్కడ. బీయస్సీ కంప్యూటర్స్ చదివిన కోడలని పెళ్లిలో మామ అందరికీ చెప్పుకున్నాడు పాపం, ఆ తర్వాత కొట్లో కంప్యూటర్ కొన్నప్పుడు మాత్రం దాని ముందు కూర్చోబెట్టింది మురళిని. ఆమెను దాని మీద దుమ్ము తుడవనిచ్చారు.

కుప్పం నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్క సీటామె, మునిరత్నమ్మ, రామకుప్పం దగ్గర పల్లె, ఒళ్లో రాగుల మూట, దారి పొడుగునా ఏనుగుల గురించే చెప్పింది. "చేనికి తీగ కట్టి కరెంటిచ్చినామమ్మా. అది నేరుగా మీదికి వస్తాదనుకున్నావా? రాదు. కొయ్య తెచ్చి తీగ మీద ఏసి, మెల్లిగా దాటుకోని, రాగులు తిని పోతాది. మేము మంచె మీద డబ్బాలు కొట్టేది, అది తినేది." అప్పుడు మునీశ్వరి ఏనుగు పక్షం వహించింది. ఇప్పుడు చూసుకుంటే డబ్బాలు కొట్టే పక్షంలో తేలింది: మిషన్ ఆపడం, లేపడం, ఆపడం, లేపడం. "ఉద్యోగమా? నీకా? ఈ వయసులోనా?" అని మునిరత్నమ్మ వేలు ముక్కు మీద పెట్టుకుని, మరుక్షణంలో "మంచిదే లేమ్మా, జీతం ఇంట్లో ఇచ్చెయ్యబాక" అని సలహా కూడా ఇచ్చింది. పదీ ఇరవై రెండు. వైఫై మనిషికి ఫోన్ చేసింది, చేయకూడదని తెలిసి కూడా.

"లైను బాగుండాదక్కా, మా తట్టు ఏం లేదు" అన్నాడు పవన్ కుమార్, ఇంకా ఏమైందో చెప్పకముందే.

"లైను బాగుందని నాకూ తెలుసు పవన్. లోపలున్న వర్చువల్ మిషన్‌కు రావడం లేదు."

"అదేం మిషనక్కా? వాషింగ్ మిషనా?"

"కాదు నాయనా. కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్."

"ఓ. అయితే రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యక్కా."

చేసింది, సిగ్గు లేకుండా. ఆ చేయడంలో మూడు నిమిషాలు బయటి నెట్ కూడా పోయింది, అందువల్ల కలిగిన లాభం, గ్రైండర్ మూడు నిమిషాలు నోరు మూసుకుంది. నిన్నటి ఉరుములకు ఏమైనా కాలిపోయిందా? కానీ లోపలి మిషన్‌లో కాలిపోవడానికి ఏముంది, అది ఒట్టి ఊహ కదా, ఊహకు పిడుగు పడుతుందా? పైగా నిన్న సాయంత్రం మొదటి ఉరుముకే అత్త ఇంట్లో ఉన్న వైర్లన్నీ పీకించింది. రాజేశ్వరమ్మకు ఉరిమిందంటే అదొక యజ్ఞం. హాలు మధ్యలో చాప వేసుకుని, పక్కన స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంటుంది. డబ్బా నిండా చింతగింజలు. "పీకు" అంటుంది. ఒక వైరు పీకగానే డబ్బాలో నుంచి ఒక గింజ తీసి కిటికీ గట్టు మీద పెడుతుంది. టీవీకి ఒకటి, దాని పెట్టెకు ఒకటి, ఫ్రిజ్‌కు, వాషింగ్ మిషన్‌కు, రూటర్‌కు, లాప్‌టాప్ చార్జర్‌కు. వాన వెలిశాక ఒక్కో వైరు తిరిగి పెట్టినప్పుడు ఒక్కో గింజ తిరిగి డబ్బాలో పడాలి, టంగుమని చప్పుడు రావాలి, ఆమె వినాలి. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకునే కాలంలో చింతగింజలేంటవ్వా అని మేఘన నవ్వుతుంది. మునీశ్వరి పైకి నవ్వదు. పుంగనూరులో ఆ గింజలు మొదలైన ఏడు ఆమెకు గుర్తుంది. ఒక మే నెలలో ఇలాగే ఉరిమితే అందరూ తలా ఒక వైరు పీకారు, వాన వెలిశాక పెట్టేది ఎవరనుకున్నారో వాళ్లు పెట్టలేదు, ఫ్రిజ్ రెండు రోజులు అలాగే ఉండిపోయింది. పాలు విరగడం ఎవరికీ అనుమానం కలిగించలేదు, ఎండాకాలం కదా. ఫ్రిజ్‌లో మామ ఇన్సులిన్ ఉంది. ఆ వేడెక్కిన మందునే ఆయన రెండు రోజులు పొడుచుకున్నాడు, మూడో రోజు కొట్టు ముందర పైపుల మీద పడిపోయాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులుండి తేరుకుని ఇంటికొచ్చాడు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బతికాడు, కానీ రాజేశ్వరమ్మ ఆ రోజు సాయంత్రమే చింతపండు జాడీ ముందు కూర్చుని గింజలేరింది. ఎవర్నీ ఏమీ అనలేదు. డబ్బా మాత్రం ఎక్కడికి కాపురం మారినా ఆమె వెంటే వచ్చింది.

అంత గట్టి మనిషి కూడా నిన్న లెక్క తప్పింది, అదొక తృప్తి. రాత్రి పడుకోబోయే ముందు ఫ్రిజ్ వైరు మాత్రం ఆమే పెట్టుకుంది, మిగతావి పొద్దున పెడుదువులే అంది. పొద్దున వాళ్లు బస్సుకు పోయాక మునీశ్వరి అయిదు వైర్లూ పెట్టి అయిదు గింజలూ డబ్బాలో వేస్తే ఈ ఒక్కటి మిగిలింది. ఫ్రిజ్‌ది. వేయడం మరిచిపోయినట్టుంది. సాయంత్రం వచ్చినాక చూపించి, ఏం అనకుండా ఊరికే నిలబడాలి అనుకుంది. పదీ ముప్పై నాలుగు. ఇంటర్నెట్‌లో వెతికింది. సరిగ్గా ఇదే ఇబ్బంది పడ్డవాడు ఒకడు ఎనిమిదేళ్ల కిందట ఎక్కడో బతిమాలుకున్నాడు, సాయం చేయండి, రేపే ఇవ్వాలి అని. కింద నలుగురు నాలుగు రకాలు చెప్పారు, అయిదోవాడు అన్నీ తీసేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోమన్నాడు. ఆఖర్న ఆ అడిగినవాడే వచ్చి, సరి అయిపోయింది, థ్యాంక్స్ అని రాసి వెళ్లిపోయాడు. ఎట్లా సరి అయిందో చెప్పలేదు. వాడు పెళ్లై పిల్లలతో ఎక్కడున్నా వాడి కొళాయిలో సగం బకెట్‌కే నీళ్లు ఆగిపోవాలి. నలుగురిలో ఒకడు చెప్పిన కమాండ్ కొట్టి చూసింది. నాలుగు వరుసలు వచ్చాయి, అందులో కోణపు బ్రాకెట్ల మధ్య నో క్యారియర్ అని ఉంది. మోసేవాడు లేడట. ఈ ఇంట్లో అదొక కొత్త సమాచారమా? తర్వాతి వరుసకు పోయింది.

పదీ నలభై ఒకటి. బయట టమాటా క్రేట్ల లారీ ఒకటి గేరు మార్చుకుంటూ మార్కెట్ యార్డు వైపు పోయింది, దాని అదురుకు గట్టు మీది గింజ చిన్నగా ఊగింది. మురళి పొద్దున గడప దగ్గర చెప్పులేసుకుంటూ "రాకుంటే పోనీలే మునీ, మనకేం తక్కువ" అన్నాడు. మంచిగానే అన్నాడు, అదే బాధ. వద్దన్నవాడితో కొట్లాడొచ్చు, పోనీలే అన్నవాడితో ఏం చేయాలి? ఆ మాట పట్టుకుని ఎన్ని పోనిచ్చింది: బీయస్సీ తర్వాతి చదువు పోనిచ్చింది, మదనపల్లెలోనే ట్యూషన్ సెంటర్లో అడిగితే మేఘనకు జ్వరమని పోనిచ్చింది, పోయిన ఏడు ఒక ఆఫీసు పిలిస్తే అత్తకు కంటి ఆపరేషనని పోనిచ్చింది. అందుకే ఈసారి ఎవరితోనూ చెప్పకుండా తనతో తను ఒప్పందం రాసుకుంది: ఇది పోతే లాప్‌టాప్ మేఘనకు ఇచ్చేయడం, కోర్సు నోట్సులు అటక మీదికి ఎక్కించడం, ఇంక ఎవర్నీ ఏమీ అడగకపోవడం, తనను కూడా. గంభీరంగా ఉంది అప్పుడు. ఇప్పుడు ఆ అటక ఎక్కడానికి నిచ్చెన ఎక్కడుందో కూడా గుర్తొస్తోంది. మళ్లీ నాట్ చేసింది. మళ్లీ ఆపింది. మళ్లీ లేపింది. కళ్లలో నీళ్లు వచ్చాయా అంటే వచ్చాయి, ఉల్లిపాయల మీదికి నెట్టేద్దామంటే ఈరోజు పప్పులో ఉల్లిపాయ కూడా వేయలేదు. పదీ యాభై. ఫోన్ మోగింది. అత్త.

"ఏమ్మే, పరీక్ష అయిపాయనా?" పుంగనూరు నుంచి ఫోన్ లేకుండా కూడా వినిపించేంత గొంతు.

"ఇంకా మొదలే కాలేదత్తా."

"యాల?"

"లోపలి మిషన్‌కు నెట్ రావడం లేదు. పొద్దున్నించీ చూస్తూనే ఉండా."

"నిన్న పీకినవన్నీ పెట్టినావా?"

"పెట్టినానత్తా, అన్నీ పెట్టినా." అవతలివాళ్లు మంచికి అడిగినప్పుడే గొంతులో ముల్లు ఎందుకొస్తుందో.

"గింజలు?"

"ఒకటి మిగిలింది. ఫ్రిజ్‌ది. రాత్రి నువ్వు డబ్బాలో వేయడం మరిచినట్టుండావు."

అవతల బస్టాండులో ఎవరో పలమనేరు పలమనేరు అని అరుస్తున్నారు.

"ఫ్రిజ్ గింజను నేను మరుస్తానా?" అంది రాజేశ్వరమ్మ. ఆ గొంతు ఈసారి పెద్దగా లేదు. "రాత్రి నేనే పెట్టినా, నేనే ఏసినా. గింజ ఉండాదంటే యాడో వైరు ఉండాది. ఎతుక్కో."

ఎక్కడుంది వైరు, ఆరే కదా పీకింది, టీవీ, పెట్టె, ఫ్రిజ్, వాషింగ్ మిషన్, రూటర్, చార్జర్, మునీశ్వరి కళ్లు గోడ వెంబడి ప్లగ్గుల మీదుగా నడిచాయి, అన్నీ ఉన్నాయి, అన్నిటికీ ఎర్రదీపం ఉంది, ఏడో గింజ ఎవరిది, నిన్న ఆమె చాప మీద కూర్చుని ఇంకేముండాయి అంది, ఇంకేం లేవత్తా అన్నాను, బాగా సూడు అంది, అప్పటికి మూడోసారి బాగా చూడమనడం, అప్పుడు నాకు చిర్రెత్తి, అప్పుడు నేను, అయ్యో. అయ్యో దేవుడా. అప్పుడు తను మొహం ఏమీ మార్చకుండా, ఇంకొకటుంది అత్తా, ఈ లాప్‌టాప్ లోపల ఇంకో మిషన్ ఉంది, దానికీ ఒక వైరుంది అంది. కావాలనే అంది. ముసలామె ఏమంటుందో చూద్దామని అంది. రాజేశ్వరమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "దాన్ని గూడా పీకెయ్" అంది. తను బుద్ధిమంతురాలి లాగా లాప్‌టాప్ ఆమె వైపు తిప్పి, సెట్టింగుల్లో అడుగున మడిచి పెట్టిన వివరాలు విప్పి, కేబుల్ కనెక్టెడ్ అన్న గడిలోని టిక్కు ఆమె కళ్ల ముందే తీసేసి, పీకేశానత్తా అంది. అత్త తృప్తిగా ఇంకో గింజ తీసి గట్టు మీద పెట్టింది. తను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అంతలో కరెంటు పోయింది, కొవ్వొత్తి, పాలు, మేఘన తడిసొచ్చింది. నవ్వు గుర్తుండిపోయింది, టిక్కు గుర్తులేదు.

సెట్టింగులు. నెట్‌వర్క్. ఈ పేజీకి పొద్దున్నించి పదిసార్లు వచ్చింది, పైనున్న వరుసనే మార్చి మార్చి చూసింది, కింద మడత మాత్రం విప్పలేదు, ఏనుగైతే ముందు తీగలో కరెంటు ఉందో లేదో చూసుకునేది. విప్పింది. ఖాళీ గడి, నో క్యారియర్ అని మొత్తుకున్నది దీని గురించే. అమాయకంగా, బోసిగా. నొక్కింది. తెర కింద చిన్న బొమ్మ వెలిగింది. కమాండ్ కొట్టింది, వేళ్లు రెండుసార్లు తప్పు అక్షరాల మీద పడ్డాయి, మూడోసారి కొట్టింది, ఒక ఊపిరి, ఇంకో ఊపిరి, అప్పుడు జవాబు, దాని కింద ఇంకో జవాబు, వరుసగా, ఆగకుండా, కుప్పంలో ఎక్కడో ఒక పెట్టె నేనున్నాను నేనున్నాను అంటున్నట్టుగా. పదీ యాభై ఆరు. హాజరు కొట్టింది. తెర ఆమె పేరు అడిగింది, ఆ పేరు కింద పచ్చటి అక్షరాల్లో అంగీకరించామని చెప్పింది. పదకొండు గంటలకు ప్రశ్నపత్రం విచ్చుకుంది. మొదటి ప్రశ్న: మీ గెస్ట్ మిషన్‌ను నెట్‌వర్క్‌కు కలపడంలో వచ్చిన ఇబ్బంది, దాని కారణం, రెండు వాక్యాలకు మించకుండా. మునీశ్వరి కుర్చీలో నిటారుగా కూర్చుంది. వర్చువల్ కేబుల్ ఊడి ఉండగా గుర్తించి తిరిగి కలిపాను అని మంచి ఇంగ్లీషులో రాసింది. కారణం: మానవ తప్పిదం. ఏ మానవులన్నది వాళ్లు అడగలేదు.

రెండో ప్రశ్నకు పోబోతూ ఆగింది. గట్టు చివర నుంచి గింజను రెండు వేళ్లతో తీసుకుని, చెయ్యి చాచి స్టీలు డబ్బాలో వేసింది. టంగుమంది.

"పడిందా?" అంది బల్ల మీది ఫోన్. రాజేశ్వరమ్మకు ఫోన్ కట్ చేయడం రాదు. ఇంతసేపూ లైన్లోనే ఉంది.

"పడిందత్తా."

"యాడుండె?"

"లోపలి మిషన్‌దత్తా. నిన్న పీకింది."

"నేను సెప్పలా?" అంది ఆమె. ఆ తర్వాత గొంతు తగ్గించి, పక్కన ఎవరితోనో కాబోలు, "కోడలు పరీక్ష రాస్తాండాది, ఎవురూ మాట్లాడబాకండి" అని పుంగనూరు బస్టాండు మొత్తానికి చెప్పింది.

మునీశ్వరి ఫోన్ పెట్టేయలేదు. రెండో ప్రశ్న చదవడం మొదలుపెట్టింది.